గుండెసూది

రొయ్యల షెడ్డు కంపుకు అలవాటుపడ్డవాళ్లు ఉంటారు గాని ఇష్టపడేవాళ్లు ఉండరు. నల్లరేవులోనే పుట్టిన డాక్టర్ నూకరత్నానికి ఆ అలవాటు కూడా పట్టుబడలేదు. పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా జడలో, పుస్తకాల్లో, చివరికి పెరుగన్నంలో కూడా అదే కంపు. చదువుకని పట్నం వెళ్లాక నిమ్మచెక్కలతో మోచేతులదాకా రుద్దుకుని రుద్దుకుని, స్పిరిట్ వాసన తప్ప ఇంకోటి తగలని ప్రయోగశాలలో గుండె కండరాల మీద పరిశోధన చేసే ఉద్యోగం సంపాదించుకుంది. ఇరవై ఏళ్ల తరవాత మళ్లీ ఆ కంపులోకే తెల్లకోటు వేసుకుని వస్తానని, వచ్చి ముచ్చటపడి చూస్తానని ఆమె కలలో కూడా అనుకోలేదు.

షెడ్డులో ముప్ఫైమంది ఆడవాళ్లు ఐసుముక్కల బల్లల ముందు వరసగా నిలబడి రొయ్యలు ఒలుస్తున్నారు. తల తుంచడం, పెంకు తీయడం, వీపు మీది నల్లనరం లాగడం. ఇదివరకైతే గంట తిరక్కుండానే వేళ్లు కొంకర్లు పోయేవి. చేతులు మోకాళ్ల మధ్య ఇరికించుకుని, పళ్లు బిగబట్టి, ఆ మెలి వదిలేదాకా మూలిగేవాళ్లు. ఇప్పుడు పొద్దుటి నుంచి ఒక్క చెయ్యి ఆగలేదు. రత్నం వదిన పోలమ్మ యాభై రెండేళ్ల మనిషి. ఆమె చేతులు తల తుంచి, పెంకు తీసి, నరం లాగి, మళ్లీ తల తుంచుతున్నాయి. ఆమె మాత్రం ఎటో చూస్తూ పక్కమ్మతో మనవరాలి కబుర్లు చెబుతోంది.

“చూశారా మేడమ్, మెషిన్లు అక్కర్లేదు ఇక” అన్నాడు షెడ్డు మేనేజరు వంశీధర్. కోళ్లఫారం యజమాని గుడ్ల బుట్టను చూసుకున్నట్టు ఆ చేతుల వంక చూసుకున్నాడు.

ఆ మాట రత్నానికి రుచించలేదు. అయినా నవ్వింది. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు ఇప్పటికీ నోరు చేదవుతుంది.

ఆ సూది పుట్టింది డాక్టర్ చక్రపాణి ప్రయోగశాలలో. ఆయన ముప్ఫై ఏళ్లుగా గుండె తప్ప వేరే అవయవం మొహం చూసిన మనిషి కాదు. కొత్తగా చేరినవాళ్లకు ఆయన మొదటిరోజే ఒక ఆట చూపిస్తాడు. రెండు గాజుగిన్నెలు, ఒకదాంట్లో కప్ప తొడ కండరం, ఇంకోదాంట్లో కప్ప గుండె ముక్క. తొడ కండరానికి టకటకా కరెంటు తగిలిస్తే అది బిగుసుకుని, బిగుసుకుని, పిడికిలిలా ముడుచుకుపోయి కాసేపటికి చచ్చుబడుతుంది. గుండె ముక్కకు అంతే జోరుగా కరెంటు తగిలించినా అది ఒక్కసారి కొట్టుకుని ఊరుకుంటుంది. ఆ క్షణం దానికి చెవుడు. ఎవరెంత అరిచినా వినదు. సడలి, నిదానంగా సర్దుకుని, అప్పుడు మళ్లీ వింటుంది.

“ఆ చెవుడే దాని అదృష్టం” అనేవాడు చక్రపాణి. “ప్రతి దెబ్బకీ విశ్రాంతి తీసుకుంటుంది. అందుకే డెబ్బై ఏళ్లు ఆగకుండా కొట్టుకుంటుంది. మన చేతులకి, కాళ్లకి ఆ తెలివి లేదు.”

ఆ తెలివిని చేతులకు నేర్పే మందు తయారుచేసింది రత్నమే. మోచేతి కింద కండలోకి సూది వేస్తే అక్కడి కణాలు గుండె కణాల్లా మారతాయి. ఒక దెబ్బ కొట్టి చెవిటివైపోతాయి, సడలుతాయి, మళ్లీ కొడతాయి. గుండె కణాల్లాగే పక్కనున్నవన్నీ కలిసి ఒక్కసారిగా కదులుతాయి. అలసట లేదు, కొంకర్లు లేవు. మొదటి సూదితో మార్పు మొదలవుతుంది, రెండో సూదితో ముదురుతుంది, మూడో సూదితో జన్మకి స్థిరపడుతుంది. మూడోది పడకపోతే మూడు నెలల్లో పాత కండ తిరిగొస్తుంది.

ఎంత కరెంటు పెట్టినా బిగుసుకోకుండా కప్ప తొడ కండరం మూడు రోజులు గిన్నెలో టిక్కుటిక్కుమని కొట్టుకున్ననాడు చక్రపాణి అందరికీ పాలకోవా పంచాడు. మనుషుల మీద ప్రయోగానికి ఒప్పుకుంటున్నామని నల్లరేవులో ఆడవాళ్లందరి చేతనూ సంతకాలు పెట్టించింది రత్నమే. వాళ్లు కాగితాలు చదవలేదు. “మన నూకరత్నం మనకి సెడుపు సేస్తాదేటి” అన్నారు. సూదికి గుండెసూది అని పేరు కూడా వాళ్లే పెట్టారు.

రెండో సూది పడి మూడు వారాలైనప్పుడు పోలమ్మ ఫోన్ చేసింది.

“రత్నం, టీగలాసు జారిపోతంది సేతిలోంచి. మొన్న రెండు పగలగొట్టేను.”

“ఐసులో పెట్టిపెట్టి మొద్దుబారుతున్నాయి వదినా. గోరువెచ్చటి నీళ్లలో పెట్టుకో.”

వారం పోయాక మళ్లీ చేసింది. మనవరాలికి జడ వెయ్యడం అవడం లేదని, పాయ పట్టుకుంటే నిలవడం లేదని చెప్పింది. రత్నం మళ్లీ ఐసు అనే చెప్పింది. అప్పుడామె కంప్యూటరు ముందు కూచుని, షెడ్డు నుంచి వచ్చిన పోలమ్మ చేతి లెక్కలే చూస్తోంది. నిమిషానికి ఎన్నిసార్లు కదిలింది, ఎన్ని గంటలు కదిలింది, ఎక్కడ తగ్గింది. ఎక్కడా తగ్గలేదు. కళ్ల ముందు అంకెలు అంత నిండుగా ఉంటే ఫోన్లో మనిషి మాట చెవికెక్కుతుందా?

నల్లరేవు నుంచి షెడ్డుకి వెళ్లాలంటే ఉప్పుటేరు దాటాలి. ఇటు రేవు, అటు రేవు, మధ్యలో నాటుపడవ. షెడ్డు కడిగిన నీళ్లు, పెంకులు, తలకాయలు అన్నీ ఆ ఏట్లోకే వదులుతారు కాబట్టి నీళ్లు ఆకుపచ్చగా, జిడ్డుగా ఉంటాయి. పోటు తగ్గినప్పుడు రేవుగట్టు పడవకంటే మనిషి నడుమంత ఎత్తున ఉంటుంది. ఊళ్లో తాతల నాటి నుంచి ఒక పద్ధతి ఉంది. ముందు దాటినమ్మ వెనకమ్మకి చెయ్యిస్తుంది. పెద్దావిడ ముందు, చిన్నవాళ్లు వెనక. కుళాయి దగ్గర జుట్లు పట్టుకున్నవాళ్లు కూడా రేవు దగ్గర చెయ్యి ఇవ్వకుండా ఉండరు.

ఒక శనివారం పొద్దున్న పోలమ్మ గట్టెక్కి, వెనకాలున్న కాశమ్మకు చెయ్యిచ్చింది. కాశమ్మకు ఇరవై ఆరేళ్లు. ఒక కాలు పడవ అంచున, ఒక కాలు గట్టు మీద పెట్టింది. అప్పుడు పడింది. పడవకీ గట్టుకీ మధ్యన పడి, తల రాతిస్తంభానికి కొట్టుకుంది. పైకి తీసేసరికే ప్రాణం లేదు.

మెట్టు మీది నాచుకి జారిందని షెడ్డువాళ్లు రాసుకున్నారు. ఊరు మాత్రం అలా అనుకోలేదు. పోలమ్మ చెయ్యి వదిలెయ్యడం పడవలో ఉన్న పదిమందీ చూశారు. పైగా ముందు వారమే పోలమ్మకీ కాశమ్మకీ కుళాయి దగ్గర గొడవైంది. కాశమ్మ తల్లి గురమ్మ దినం కూడా కాకముందే పోలమ్మ గుమ్మం ముందు శాపం పెట్టినట్టు దోసెడు మట్టి పోసి వెళ్లిపోయింది.

కబురు విని రత్నం వచ్చేసరికి పోలమ్మ వంటింటి గోడకి ఆనుకుని కూచుంది. రెండు రోజులుగా మెతుకు ముట్టలేదని అన్న తాతారావు చెప్పాడు.

“నాను వొగ్గనేదు రత్నం” అంది పోలమ్మ. “ఎవురూ నమ్మట్నేదు. దాని మీద నాకు కోపవే గాని సంపుకునే కోపవేటి? గట్టిగా పట్టుకునే ఉన్నాను. సెయ్యే వొగ్గేసింది.”

“ఏదీ, నా చెయ్యి పట్టుకో వదినా. వదలకుండా పట్టుకో.”

పోలమ్మ పట్టుకుంది. రత్నం చేతిమీద వేళ్లు బిగుసుకున్నాయి, సడలాయి. బిగుసుకున్నాయి, సడలాయి. పోలమ్మ మొహం చూస్తే నరాలు తేలేలా పళ్లు బిగబట్టి ఉంది. ఆమె మనసు వదలలేదు. చెయ్యి మాత్రం తన లెక్క తాను కొట్టుకుంటోంది. ఛాతీలోంచి ఊడదీసిన గుండెను ఎవరో తన అరచేతిలో పెట్టినట్టనిపించింది రత్నానికి.

ఆమె పెరట్లోకి పరిగెత్తి, గోడ పక్కన వాంతి చేసుకుంది. కంపుకి కాదు. ఆ లయ తనకు బాగా తెలిసిన లయ. మూడేళ్లు గాజుగిన్నెలో దాన్ని చూసి మురిసిపోయింది. గుండె అలసిపోదు, నిజమే. అది దేన్నీ పట్టుకోదు కాబట్టి అలసిపోదు. ప్రతి దెబ్బకీ వదిలేస్తుంది. వదలడమే దాని పని. చెయ్యి పని అది కాదు. బిందె పట్టుకోవాలి, పిల్లని పట్టుకోవాలి, గట్టెక్కేవాళ్లని పట్టుకోవాలి. కండ బిగుసుకుని అలాగే ఉండిపోవడం గుండె డాక్టర్లకి చావుతో సమానం. అందుకే ఆ జాడ్యాన్ని వదిలించామని పాలకోవా తిన్నారు. చేతికి అదే ప్రాణమని ఆ గదిలో ఉన్న పదకొండుమందిలో ఒక్కరికీ తట్టలేదు. రొయ్యల ఊళ్లో పుట్టిన తనకి కూడా తట్టలేదు.

మర్నాడు ప్రయోగశాలకి వెళ్లి, పట్టు కొలిచే పరికరం కోసం బీరువాలన్నీ వెతికింది. గుండె చప్పుడు కొలిచేవి పద్నాలుగు రకాలున్నాయి. పట్టు కొలిచేది ఒక్కటీ లేదు. చివరికి చేపల బజారులో స్ప్రింగు కాటా ఒకటి అడిగి తెచ్చుకుని, నల్లరేవులో మిగిలిన ఇరవైతొమ్మిదిమంది చేతికీ దాని కొక్కెం తగిలించి లాగమంది. ముల్లు పైకి లేచి సున్నాకి పడింది. లేచి, పడింది. అందరికీ అంతే.

ఆ కాగితాలు తీసుకుని చక్రపాణి గదిలోకి వెళ్లేసరికి వంశీధర్ కూడా అక్కడే ఉన్నాడు. ఇద్దరూ జీడిపప్పు ఉప్మా తింటున్నారు.

చక్రపాణి కాగితాలు చూసి, చెంచా కింద పెట్టకుండానే, “ఆసక్తికరంగా ఉందమ్మా” అన్నాడు. “గుండెకి పట్టుకునే పని లేదు కదా. స్వభావం మారింది. అంటే మన మార్పు సంపూర్ణం అన్నమాట. ఇంతకంటే రుజువేముంది?”

“సార్, ఒక మనిషి చచ్చిపోయింది.”

“నాచుకి జారింది. రిపోర్టులో అలాగే ఉంది.”

“మా వదిన చేతిలోంచి జారింది. ఆ చెయ్యి నేను చేసిందే.”

వంశీధర్ మూతి తుడుచుకుని కాళ్ల దగ్గరి సంచిలోంచి ఒక వస్తువు తీసి బల్లమీద పెట్టాడు. మణికట్టుకి చుట్టుకునే నైలాను పట్టీ, దానికో ఇనప కొక్కెం. “మీరు బెంగపడకండి మేడమ్. మేమూ ఆలోచించాం. పడవ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తాడుకి తగిలించుకుంటారు. టీ తాగడానికి కూడా పనికొస్తుంది. పసుపురంగులో చేయించాం, ఆడవాళ్లు కదా.”

ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారు. ఆ పసుపురంగు పట్టీని చూసి రత్నానికి ఒళ్లంతా జెర్రులు పాకినట్టయింది. కసాయి కొట్లో కొక్కేలకి మాంసం వేలాడదీస్తారు, అదైనా చచ్చాక.

“మూడో సూది వెయ్యడానికి వీల్లేదు” అంది. “నేను సంతకం పెట్టను.”

“నా సంతకం చాలమ్మా” అన్నాడు చక్రపాణి మెత్తగా. “సోమవారం నేనే వస్తాను. నువ్వు కొంచెం విశ్రాంతి తీసుకో. ఉప్మా తిను, బావుంది.”

ఆదివారమంతా రత్నం ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. మన రత్నమే వెయ్యమంది, మన రత్నమే వద్దంటోంది, ఏది నమ్మాలని ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకామె మొహమ్మీదే అనేసింది. “ఇరవైయ్యేళ్లు నిప్పుల్లో పెట్టినట్టుండీది సెయ్యి. ఇప్పుడు నొప్పి నేదు. నువ్వొచ్చి మళ్లా ఆ నిప్పుల్లో పెట్టుకోమంటావు. నీకేటమ్మా, కలం పట్టుకుంటావు.” గురమ్మ ఇంటికి వెళితే గురమ్మ తలుపు తీయలేదు. వదిన తప్పు కడుక్కోడానికి ఆడబిడ్డ కథలు అల్లుతోందని ఊరంతా అనుకుంటోందని తాతారావు చెప్పాడు.

సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి చక్రపాణి రేవులో కారు దిగాడు. వెనకాల ప్రయోగశాల అటెండరు మందుసీసాల ఐసుపెట్టె పట్టుకుని ఉన్నాడు. వంశీధర్ పసుపు పట్టీలని మెడలో దండ వేసుకున్నట్టు తగిలించుకున్నాడు. ముప్ఫైమందిలో చచ్చినామె పోగా ఇరవైతొమ్మిదిమందీ రేవు దగ్గరే ఉన్నారు. గురమ్మ కూడా వచ్చి దూరంగా వలల కుప్ప దగ్గర నిలబడింది. పోటు తగ్గి ఉంది. పడవ నడుము లోతున కింద ఊగుతోంది. పడవకీ గట్టుకీ మధ్య మూరెడు మేర ఆకుపచ్చ నీళ్లు, వాటిమీద రొయ్య తలకాయలు తేలుతున్నాయి.

పెద్దావిడ కాబట్టి పోలమ్మ అందరికంటే ముందు పడవలోకి దిగింది. దిగి, అలవాటు చొప్పున వెనక్కి తిరిగి చెయ్యి చాపింది. చాపాక గుర్తొచ్చి, ముడుచుకోబోయింది.

“ఉంచు వదినా” అంది రత్నం. “సార్, మీరు రండి. మా వదిన చెయ్యి పట్టుకుని దిగండి. ఊరి పద్ధతి.”

చక్రపాణి భారీ మనిషి, మోకాళ్లు అరిగిన మనిషి. గట్టు అంచుకి వచ్చాడు. పోలమ్మ చెయ్యి ఆయన ముందే ఉంది. వేళ్లు కొంచెం ముడుచుకుంటున్నాయి, తెరుచుకుంటున్నాయి. ఆయన ఆ వేళ్లని చూశాడు. కింద నీళ్లని చూశాడు. పక్కనున్న రాతిస్తంభాన్ని చూశాడు.

“చెక్క ఏదైనా వేయించరాదూ” అన్నాడు.

“ఎందుకు సార్. అలసట లేని చెయ్యి అని మీరే రాశారు.”

“అది కాదమ్మా. నాకు మోకాలు...”

“మోకాలు బావున్నవాళ్లకి చెయ్యెందుకు సార్. పట్టుకోండి.”

ఆయన చెయ్యి ముందుకొచ్చింది. పోలమ్మ వేళ్లకి బెత్తెడు దూరంలో ఆగింది. తరవాత, బల్లిని తాకబోయినవాడిలా చటుక్కున వెనక్కి తీసుకుని, పంట్లాం జేబులో పెట్టుకున్నాడు. వంశీధర్ గబగబా ఒక పట్టీ విప్పి ఆయన మణికట్టుకి చుట్టబోయాడు. చక్రపాణి చెయ్యి విదిలించుకున్నాడు. పట్టీ నీళ్లలో పడి రొయ్య తలకాయల మధ్య తేలింది.

రత్నం ఇంటింటికీ తిరిగి చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకున్న సంగతి ఆ జేబులో దూరిన చెయ్యి చెప్పేసింది. మొదట కదిలింది గురమ్మ. వలల దగ్గరనుంచి నడిచొచ్చి గట్టు అంచున నిలబడి, చక్రపాణి జేబునీ పోలమ్మ చేతినీ మార్చిమార్చి చూసింది.

“అయ్యకి తెలుసు” అంది. “ఆ సెయ్యి వొగ్గేస్తాదని ఆయనకి ముందే తెలుసు.”

ఆ మాట అని, పోలమ్మ వంక చూడకుండా కళ్లు తుడుచుకుంది. నిన్న నొప్పి లేదని రత్నం మీద విరుచుకుపడ్డామె నెత్తిమీది తువ్వాలు తీసి దులుపుకుని ఇంటిదారి పట్టింది. ఆమె వెనక ఇంకొకామె, ఆమె వెనక ఇంకొకామె. అటెండరు ఐసుపెట్టె కింద పెట్టి దానిమీదే కూచున్నాడు.

రత్నానికి మాత్రం ఇంకా పనుంది. తిలాపాపం తలా పిడికెడు అంటారు. తన పిడికెడు తనకి దక్కాలి. తెల్లకోటుతోనే గట్టు అంచుకి వచ్చి, “చెయ్యి వదినా” అంది.

“ఒద్దు రత్నం. పడిపోతావు.”

“ఇయ్యి.”

పోలమ్మ చెయ్యి రత్నం చెయ్యిని పట్టుకుంది. రత్నం కాలు గాలిలోకి పెట్టింది. చెయ్యి సడలింది.

నీళ్లు ముక్కులోకి, నోట్లోకి వెళ్లాయి. కుళ్లిన పెంకులు, జిడ్డు, నాచు, ముప్ఫై ఏళ్ల కంపంతా ఒక్క గుక్కలో దిగింది. పైకి తేలేసరికి ఏదో మెడ కిందనుంచి వచ్చి చంకలో బిగుసుకుంది. పోలమ్మ మోచెయ్యి. సూది మోచేతి కిందే పడింది గాని పైన భుజానికి పడలేదు. మోచేతి మడతలో రత్నాన్ని ఇరికించుకుని, ఇంకో చెయ్యి పడవ అడ్డకర్రకి మెలిపెట్టి, పోలమ్మ లాగుతోంది. పైనుంచి గురమ్మ బోర్లా పడుకుని రత్నం జడ అందుకుంది. రొయ్యల షెడ్డు మొహం చూడని చెయ్యి అది, వదల్లేదు. ఇద్దరూ కలిసి ఆమెను చేపని లాగినట్టు పడవలోకి లాగి పడేశారు.

“సదువుకున్నదానివి, నీకు బుద్దుందా” అంది పోలమ్మ ఆయాసపడుతూ. కాశమ్మ పోయాక ఆమె గొంతెత్తి అన్న మొదటి మాట అదే. రత్నం దగ్గుతూ, కంపు కొడుతూ పడవ అడుగున పడుకుని ఉంది. ఎప్పుడో నిమ్మచెక్కలతో వదిలించుకున్న కంపు. గట్టుమీద చక్రపాణి కోటు దుమ్ము దులుపుకుని కారెక్కుతున్నాడు. ఆ కంపు, ఆ మనిషి, రెండింట్లో ఏది వాంతి తెప్పించేదో ఆమెకి అప్పుడు బాగా తెలిసింది.

నల్లరేవులో మూడో సూది ఎవరికీ పడలేదు. చక్రపాణి పరిశోధన వ్యాసం మాత్రం అచ్చయింది. అలసట సున్నా అని అందులో ఉంది. కాశమ్మ పేరు ఎక్కడా లేదు. ఇంకో తీరంలో ఇంకో షెడ్డు చూసుకుంటున్నారని అటెండరు చెప్పాడు. రత్నం ముప్ఫై పేజీలు రాసి తగినవాళ్లందరికీ పంపింది. ఇద్దరు జవాబిచ్చారు. ఆ షెడ్డు ఊరి పేరు కనుక్కోమని అటెండరుని రోజూ పీడిస్తోంది.

వారానికోసారి స్ప్రింగు కాటా పట్టుకుని నల్లరేవు వెళుతోంది. ముల్లు లేచి సున్నాకి పడేది కాస్తా, రెండో నెలకి సగంలో ఆగి వణికింది. ఆడవాళ్ల వేళ్లు మళ్లీ కొంకర్లు పోతున్నాయి. తిట్టుకుంటూ, మోకాళ్ల మధ్య చేతులు పెట్టుకుంటున్నారు. పోలమ్మ గుమ్మం ముందు మట్టి కుప్పని గురమ్మ ఒక పొద్దున్న తనే వచ్చి ఎత్తిపోసింది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో రత్నం అడగలేదు.

మూడో నెల నిండిననాడు కాటా తీయబోతుంటే పోలమ్మ దాన్ని పక్కకి నెట్టేసింది. రత్నం కుడి చెవి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని మెలిపెట్టింది.

రత్నం లోలోపల లెక్కపెట్టుకుంది. పది. ఇరవై. వేళ్లు సడలలేదు. ముప్ఫై దాటింది. చెవి మండిపోతోంది, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

“వొగ్గీమంటావేటి?” అడిగింది పోలమ్మ.

“వద్దు వదినా” అంది రత్నం.